వడ్డీ డబ్బుతో బయానా కట్టొద్దు: పొలాలు, ప్లాట్లు కొనేవాళ్లకు జాగ్రత్తలు

కర్నూలులో దస్తావేజులు రాసే పనిలో ఉన్నవాణ్ణి. ఈ మధ్య సొంతిల్లు అమ్మి అప్పు తీర్చేవాళ్ల కాగితాలు ఎక్కువగా రాయాల్సి వస్తోంది. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే చాలామంది నోట ఒకటే మాట: పొలానికి బయానా (అడ్వాన్సు) ఇచ్చాం, గడువు లోపల కొనే పార్టీ దొరకలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ పేర్లు చెప్పుకుని బ్రోకర్లు మళ్లీ ఊరూరా తిరుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయండి, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూడండి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా చూడండి అనేవి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

చెప్పాల్సింది ఒక్కటే. వడ్డీకి తెచ్చిన డబ్బుతో బయానా కట్టొద్దు.

ఇది ఎట్లా ముంచుతుందో చూడండి. పది లక్షలు బయానా ఇచ్చి ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకుంటారు. పొలాన్ని తమ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకునే ఆలోచన మొదటినుంచీ ఉండదు. గడువు లోపల సెంటుకు కొంత లాభం వేసుకుని ఇంకొకరికి మళ్లించాలని లెక్క. మార్కెట్ నడిచినన్నాళ్లు ఈ లెక్క తప్పదు, అందుకే తెలివైనవాళ్లు కూడా నమ్ముతారు. మార్కెట్ ఆగిన రోజు బయానా భూమి యజమాని దగ్గర ఉండిపోతుంది, అప్పు మీ దగ్గర ఉండిపోతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే పది లక్షలకు నెలకు 20,000. మూడేళ్లకు 7 లక్షల 20 వేలు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లే కాబట్టి అప్పిచ్చినవాడు నోటు తిరగరాయమంటాడు. వడ్డీ అసలులో కలిసి కొత్త నోటు 17 లక్షల 20 వేలకు లేస్తుంది. ఇక నెలకు 34,400 కట్టాలి. మూడు రూపాయల వడ్డీ అయితే ఆ మొదటి మూడేళ్లకే అప్పు రెట్టింపు దాటుతుంది. సెంటు భూమి కూడా పేరు మీదికి రాకుండానే ఇదంతా జరుగుతుంది.

మన దిక్కు మందగమనం రేట్లలో కనపడదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అడిగితే ప్రతివాడూ పోయినేడు రేటే చెప్తాడు, తగ్గించి అమ్మితే పరువు తక్కువ అనుకుంటాడు. కొనేవాడు మాత్రం కనపడడు. కాబట్టి "రేటు పడలేదు కదా" అనే మాట విని ధైర్యం తెచ్చుకోవద్దు. పోయిన మూడు నెలల్లో ఆ సర్వే నంబరు చుట్టుపక్కల నిజంగా ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగాయో కనుక్కోండి.

వార్తల సంగతి. కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో జమ్మలమడుగు దగ్గర, 2018లో కంబాలదిన్నె దగ్గర, 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర, 2023లో మళ్లీ అక్కడే శంకుస్థాపనలు జరిగాయి. 2007 నాటి రాయి చూసి వడ్డీ డబ్బుతో బయానా ఇచ్చినవాడు ఏమై ఉంటాడో మీరే లెక్క వేసుకోండి. కర్నూలు న్యాయ రాజధాని అనే మాట 2019 డిసెంబరులో అసెంబ్లీలో వచ్చింది, 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. పెనుకొండ దగ్గర కియా అట్లా కాదు, 2017లో ప్రకటించారు, 2019కల్లా కార్లు బయటికొచ్చాయి. అయినా ఫ్యాక్టరీ రావడం వేరు, మీ ప్లాటుకు కొనేవాడు రావడం వేరు. అక్కడ పనికి చేరిన పిల్లోడు అద్దెగది వెతుక్కుంటాడు గానీ ఊరికి దూరంగా కంపచెట్లు మొలిచిన లేఅవుట్‌లో ప్లాటు కొనడు.

డబ్బు విషయంలో: అయిదేళ్లు అమ్ముడుపోకపోయినా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఆగవు అన్నంత సొమ్మే పెట్టండి. బయానా ఇచ్చే రోజునే మిగతా సొమ్ము, పైన ఏడున్నర శాతం దాకా పడే రిజిస్ట్రేషన్ ఖర్చు ఎక్కడినుంచి వస్తాయో కాగితం మీద రాయండి. "అమ్మితే వస్తుంది" అని రాయాల్సి వస్తే ఆ బేరం వదిలేయండి.

కాగితం విషయంలో: రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో కనపడదు. అంటే మీకంటే ముందు ఇంకెవరికైనా రాసిచ్చి ఉన్నా మీకు తెలిసే దారి లేదు. అగ్రిమెంటును రిజిస్టరు చేయించండి. ఖర్చవుతుంది, చేయించండి. వెంచర్ విస్తీర్ణం 500 చదరపు మీటర్లు, ప్లాట్లు ఎనిమిది దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా పదిశాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు వెంచర్‌వాళ్లకు లేదు. అడిగితే ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పండి.

బంగారం కుదువబెట్టి బయానా ఇవ్వొద్దు. చీటీ పాడి ఇవ్వొద్దు. కూతురి పెళ్లికి దాచిన డబ్బు "ఆరు నెలలే కదా" అని తీయొద్దు. నగదుగా ఇవ్వొద్దు, స్థిరాస్తి అడ్వాన్సు 20,000, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, పైగా రేపు ఇవ్వలేదంటే మీ దగ్గర రుజువు ఉండదు. బావమరిది చెప్పాడని కొనొద్దు. బ్రోకర్ జీపులో ఎక్కి పోయి చూడొద్దు, వేరే రోజు ఒంటరిగా పోయి పక్క పొలం రైతును అడగండి. ఇంట్లో చెప్పకుండా సంతకం పెట్టొద్దు. ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వొద్దు. వడ్డీకి తెచ్చి బయానా కట్టొద్దు, ఒక రూపాయి వడ్డీ అయినా సరే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు గడువు తీరకముందే భూమి యజమానితో కూర్చోండి. కొంత వదులుకుంటే మిగతాది వెనక్కి ఇస్తానంటే తీసుకోండి, మొత్తం కోసం పంతం పట్టొద్దు. గడువు పెంచుతానంటే అగ్రిమెంటు మీదే రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. గడువు దాటి మూడేళ్లయితే దావా వేసే హక్కు కూడా పోతుంది. వచ్చిన ప్రతి రూపాయి ముందు అప్పుకే కట్టండి, ఇంకో బేరంలో పెట్టొద్దు. కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించండి. నోటు, చెక్కులు చేతికి రాకుండా చివరి వాయిదా ఇవ్వొద్దు.