క్యోటోలో పాత వీధులు ఖాళీగా చూడాలంటే

జపాన్‌లోని క్యోటోలో ఉదయం 10 దాటితే కియోమిజు గుడి దారిలో నడవడానికి చోటుండదు. ఫోటో తీద్దామన్నా ఎవరో ఒకరు అడ్డం.

ఆ గుడి తెరిచేది పొద్దున 6 గంటలకే. కేహాన్ రైలు లైన్‌లో కియోమిజు-గోజో స్టేషన్‌లో దిగి తూర్పు వైపు పాతిక నిమిషాలు నడవండి, చివర్లో ఎక్కుడు ఉంటుంది. టికెట్ 500 యెన్లు, నగదు దగ్గరుంచుకోండి. కొండ అంచున చెక్క స్తంభాల మీద నిలిపిన ఆ మండపం దగ్గర తొందరపడకండి, పొద్దుటి వెలుగులో అది చూసి తీరాల్సిందే. 7 తర్వాత సన్నెన్‌జాకా, నినెన్‌జాకా మెట్ల మీదుగా యసాకా పగోడా దాకా దిగండి. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పాత చెక్క ఇళ్ల ముఖాలు పూర్తిగా కనిపిస్తాయి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు ఇదే మంచి సమయం, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. టిఫిన్ మాత్రం ముందు రాత్రే కొనిపెట్టుకోండి.

అన్ని గుళ్ళకూ ఇది పనిచేయదు. కింకకుజీ తెరిచేది 9కి, గింకకుజీ మార్చి నుంచి నవంబర్ దాకా 8:30కి, చలికాలంలో 9కి. అంత పొద్దున్నే వెళ్ళాలంటే ఫుషిమి ఇనారి అనే గుడి ఒకటుంది, దానికి వేళలూ లేవు, టికెట్టూ లేదు.