ఉద్యోగం మారేటప్పుడు రాజీనామా ఏ రోజు ఇవ్వాలి?

కొన్నేళ్ళ క్రితం రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుండగా ఒక రిక్రూటర్ ఫోన్ చేసి, "మీది కన్ఫర్మ్ అయినట్టే సర్, పేపర్ పెట్టేయండి" అన్నారు. ఆ సాయంత్రమే పెట్టేశాను. ఆఫర్ లెటర్ రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ మెయిల్ తెరిచి చూసుకోవడంతోనే సరిపోయింది. "అయినట్టే" అన్న మాటకు "అయింది" అన్న అర్థం లేదని అప్పుడు తెలిసింది.

కాబట్టి మొదట లెటర్ చేతికి రానివ్వండి. అందులో హోదా, చేరవలసిన తేదీ, పనిచేయవలసిన ఊరు, స్థిర జీతమెంత, వేరియబుల్ (పనితీరును బట్టి మారే భాగం) ఎంత అన్నవి విడివిడిగా ఉన్నాయో లేదో చూసి, జాయినింగ్ బోనస్ ఉంటే ఎన్నాళ్ళలోపు మానేస్తే తిరిగి కట్టాలో కూడా చదివి, ఆ తరువాతే అంగీకారాన్ని మెయిల్‌లో పంపండి. అది అందినట్టు జవాబు కూడా రాయించుకోవాలి.

రెండవది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. చాలా ఆఫర్లు దీనికి లోబడే ఉంటాయి. ఇప్పటి సంస్థను మినహాయించి, చదువు, పాత ఉద్యోగాల తనిఖీని మీరు రాజీనామా చేయకముందే ముగించగలరేమో అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అంతకన్నా ముందు మీ యూఏఎన్ (పీఎఫ్‌కు సంబంధించి మీకిచ్చిన శాశ్వత సంఖ్య) ఖాతా తెరిచి సర్వీసు చరిత్ర చూసుకోవాలి. పాత సంస్థ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, ఒకేసారి రెండు చోట్ల పనిచేసినట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని మీరే నమోదు చేసుకునే వీలుంది.

మూడవది నోటీసు లెక్క. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని ఐటీ సంస్థల్లో 90 రోజుల నోటీసు మామూలే. జులై 1న రాజీనామా ఇస్తే, ఆ రోజును కూడా కలుపుకుని, సెప్టెంబరు 28తో గడువు తీరుతుంది. కొత్తవారు సెప్టెంబరు 1న రమ్మంటే మధ్యలోని నాలుగు వారాలకు బయౌట్ (మిగిలిన నోటీసు రోజులకు బదులు డబ్బు కట్టడం) ఒప్పుకుంటారా, ఆ డబ్బు ఎవరు కడతారు అన్నది ముందే రాతలో తేలాలి. మేనేజర్ నోటిమాటగా "ముందే వదిలేస్తాంలే" అన్నా అది రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు సంస్థ ఇచ్చే పత్రం) కాదు.

తేదీ తేల్చేటప్పుడు డబ్బు సంగతీ చూడండి. వార్షిక బోనస్ చాలాచోట్ల చెల్లింపు రోజున ఉద్యోగంలో ఉన్నవారికే ఇస్తారు. నోటీసులో ఉన్నవారిని మినహాయించే సంస్థలూ ఉన్నాయి. మానేసేటప్పుడు సేవాకాలాన్ని బట్టి సంస్థ ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ళ నిరంతర సేవ కావాలి. గ్రాట్యుటీ లెక్కకు తీసుకునే నెల జీతం 52,000 రూపాయలైతే, దాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేస్తే ఏడాదికి 30,000, అంటే ఐదేళ్ళకు లక్షన్నర. ఇంకొన్ని నెలల్లో ఐదేళ్ళు నిండుతాయనగా తొందరపడి మానేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. గృహరుణం తీసుకోదలచినవారు, బ్యాంకులు తాజా జీతపు చీటీలు అడుగుతాయి గనుక, రుణం చేతికి వచ్చాకే కదలడం మేలు.

ఇవన్నీ కుదిరాక, ముందు మేనేజర్‌తో ముఖాముఖి చెప్పి, అదే రోజు మెయిల్ పంపండి. చివరి పనిదినం తేదీ అందులో స్పష్టంగా ఉండాలి. కారణాల చిట్టా అక్కర్లేదు. జీతపు చీటీలు, పన్ను పత్రాలు లాగిన్ మూతపడకముందే దించుకోండి. సంస్థ ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దు. సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా చివరి రోజుతోనే ఆగిపోతుంది కనుక, మధ్యలో ఖాళీ రోజులుంటే, ఇంట్లో పెద్దవారుంటే మరీ, సొంత పాలసీ ముందే తీసుకోవాలి.

నోటీసు కాలంలో కొత్త ఆఫర్ రద్దయితే, మీ స్థానంలో మరొకరిని తీసుకోకముందే, రాజీనామా ఉపసంహరించుకుంటానని మేనేజర్‌కూ హెచ్‌ఆర్‌కూ ఒకే మెయిల్‌లో ఆ రోజే రాయండి. ఒప్పుకోవడం చాలావరకు వారి ఇష్టమే.