యుద్ధకాలపు జీపు సీట్లు: అసలువో కావో తేల్చుకోవడం (సమస్య - పరిష్కారం)

అమెరికా సైన్యం లెక్కల్లో జీపు కూడా ట్రక్కే, పావు టన్ను ట్రక్కు. 1941 నుంచి 1945 దాకా విల్లీస్ వారి ఎం.బి., ఫోర్డ్ వారి జి.పి.డబ్ల్యు. కలిపి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. 1947 నుంచి మహీంద్రా వారు మన దేశంలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. అందువల్ల ఇక్కడి పాత బండ్లలో యుద్ధకాలపు సామాను, పౌర జీపుల సామాను కలగాపులగమై ఉండటం మామూలే. అన్నిటికంటే ఎక్కువగా చేతులు మారినవి సీట్లు.

డ్రైవరు కుషన్ పైకి లేవడం లేదు

యుద్ధకాలపు జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, దాని మూత కూడా అక్కడే ఉంటుంది. పెట్రోలు పోయించుకోవాలంటే డ్రైవరు లేచి, కుషన్ ఎత్తవలసిందే. కాబట్టి కుషన్ ఫ్రేముకు గట్టిగా బిగించి ఉంటే, ఆ సీటు మరో బండిదైనా కావాలి, ఎవరో మార్చినదైనా కావాలి. 1945లో వచ్చిన పౌర జీపు సీజే-2ఏలో ట్యాంకు సీటు కిందే ఉన్నా, పెట్రోలు పోసే మూతిని బాడీ పక్కకు తెచ్చారు. సీటును అనుమానించే ముందు బాడీ పక్కన ఆ మూతి ఉందేమో, వెనుక రెండు మూలల్లో పనిముట్ల పెట్టెలు ఉన్నాయో లేవో చూడాలి. పక్కన మూతి ఉండి, మూలల్లో పెట్టెలు లేకపోతే తేడా సీటులో కాదు, బాడీలోనే ఉందని అర్థం.

బండి విల్లీస్, సీటు ఫ్రేము మీద మాత్రం ‘ఎఫ్’ గుర్తు ఉంది

ఫోర్డ్ వారు తమ విడిభాగాల మీద, చివరికి బోల్టుల తలల మీద కూడా, తమ పేరులోని వంపుల ‘ఎఫ్’ అక్షరాన్ని ముద్రించేవారు. విల్లీస్ బండిలో అది కనిపించగానే మోసం జరిగిందని అనుకోకూడదు. రెండు కంపెనీల భాగాలూ ఒకదానికొకటి సరిపోవాలన్నదే సైన్యం పెట్టిన షరతు, పైగా మరమ్మతు చేసేవారు చేతికందినది బిగించేవారు. అందువల్ల ‘ఎఫ్’ గుర్తు ఉన్న ఫ్రేము యుద్ధకాలపుదే కావచ్చు, కానీ ఆ బండితో పుట్టినది కాదు. ఈ రెండు మాటలకూ ఉన్న తేడాను అమ్మేవారు చాలాసార్లు చెప్పరు.

బండి ఏ కంపెనీదో తేల్చడానికి ఛాసిస్‌ ముందు భాగాన్ని చూడాలి. రేడియేటరు కింద అడ్డంగా ఉన్న కమ్మీ గుండ్రని గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. 1944 నుంచి రెండు కంపెనీలూ ఒకే రకం బాడీని వాడాయి కనుక, బాడీని బట్టి మాత్రం తేల్చకూడదు.

బోల్టు పాతదిలాగే ఉంది, స్పానరు పట్టడం లేదు

అసలు మరలన్నీ అంగుళాల కొలతవి. 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ. ఉంటుంది కనుక 8 మి.మీ. బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. అయితే పాత బోల్టు తలకు సరిపోయే అర అంగుళం స్పానరు (12.7 మి.మీ.), 8 మి.మీ. బోల్టుకుండే 13 మి.మీ. తలకు పట్టదు, అదే 13 స్పానరు పాత తల మీద కొద్దిగా ఊగుతుంది. ఫ్రేముకు వెల్డింగు చేసిన నట్టే మిల్లీమీటర్లదైతే ఆ ఫ్రేము కొత్తగా చేసినదనో, మరమ్మతు చేసినదనో నిర్ధారించుకోవచ్చు. విడి బోల్టు ఒక్కటే అలా ఉంటే మార్చేస్తే సరిపోతుంది, దానికోసం ఫ్రేమును తిరస్కరించడం తొందరపాటు.

కాన్వాసు బాగా పాతబడినట్టు కనిపిస్తోంది

పాతబడినట్టు కనిపించేలా చేయడం కష్టమేమీ కాదు. లోపలి అంచు నుంచి ఒక నూలుపోగు లాగి కాల్చి చూడాలి. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టరు అయితే కరిగి నల్లని గట్టి పూసలా మిగులుతుంది. కుట్టుదారాన్ని కూడా విడిగా కాల్చాలి, ఎందుకంటే పాత గుడ్డను కొత్త దారంతో కుట్టినవీ ఉంటాయి. లోపల మెత్తని స్పాంజి ఉంటే అది తర్వాత నింపినదే. తొడుగు ఎంత నకిలీదైనా ఫ్రేము అసలుది కావచ్చు కాబట్టి, బేరమాడేటప్పుడు రెండింటికీ విడివిడిగా వెల కట్టాలి.

పక్క సీటు ముందుకు మడవడం లేదు

ఈ సీటు ముందున్న కీళ్ల మీద ముందుకు వాలాలి. తుప్పు వల్ల కీలు బిగుసుకుపోయి ఉంటే, కిరసనాయిలు పోసి ఒక రాత్రి వదిలేశాక కదిలించి చూడాలి. కీళ్లే లేకుండా నాలుగు కాళ్లనూ నేలకు బిగించి ఉంటే, సీటు విప్పి నేల రేకు మీద పూడ్చిన పాత చిల్లుల కోసం వెతకాలి. అవి దొరికితే అసలు బ్రాకెట్లు ఎక్కడ ఉండేవో కొలత తీసుకోవచ్చు.