ఇంటి గాలిమరకు కరెంటు ఆఫీసు అనుమతి: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు దరఖాస్తు విధానం

సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు వైపు గానీ, పూసపాటిరేగ, భోగాపురం తీరంలో గానీ ఇంటికి చిన్న గాలిమర పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఒక విషయం తేల్చుకోవాలి. వచ్చిన కరెంటును బ్యాటరీల్లో నింపుకుని ఇంట్లోనే వాడుకుంటారా? లేక మన జిల్లాలకు కరెంటు ఇచ్చే సంస్థ ఏపీఈపీడీసీఎల్ లైనుకు కలిపి, మిగిలింది వాళ్లకు పంపిస్తారా? మొదటి పద్ధతికి నెట్ మీటర్ (తీసుకున్న, పంపిన యూనిట్లు రెండూ లెక్కించే మీటరు) దరఖాస్తు అక్కర్లేదు. అయితే మీ ఇన్వర్టరు, కరెంటు ఆఫీసు సరఫరా ఒకే మెయిన్ బోర్డుకు వస్తుంటే ఆ సంగతి సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాసిచ్చి తీరాలి. రెండో పద్ధతిలో అనుమతి చేతికొచ్చేదాకా ఒక్క వైరు కూడా కలపకూడదు.

సబ్సిడీ గురించి ఒక మాట. పీఎం సూర్యఘర్ పథకం సోలార్ ప్యానెళ్లకు మాత్రమే. గాలిమరకూ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పోర్టల్‌లోని ఫారం కూడా మీకు పనికిరాదు. కాబట్టి తెల్లకాగితం మీద స్పష్టంగా అర్జీ రాసి, మీ సెక్షన్ ఏఈ ఆఫీసులో ఇవ్వండి. ఏ సామర్థ్యం గాలిమర, ఎక్కడ పెడతారు, లైనుకు కలుపుతారా లేదా అన్నవి అందులో ఉండాలి. 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం పునరుత్పాదక ఇంధనంతో సొంతంగా కరెంటు తయారు చేసుకున్నా మీరు మామూలు వినియోగదారుడే, మీ హక్కులేవీ పోవు. అర్జీలో ఆ నియమాలను ప్రస్తావించండి. నెట్ మీటర్ ఇస్తారా, యూనిట్లు ఏ లెక్కన సర్దుతారు అన్నది రాతపూర్వకంగా వచ్చాకే మెషీన్‌కు అడ్వాన్సు ఇవ్వండి. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) జిల్లా ఆఫీసులో కూడా ఒకసారి కనుక్కోవడం మంచిది.

అర్జీతో పాటు సర్వీస్ నంబరున్న తాజా బిల్లు, ఆధార్, ఇంటి పన్ను రసీదు, గాలిమరకూ ఇన్వర్టరుకూ ఉన్న టెస్ట్ సర్టిఫికెట్లు జతచేయండి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో చూసుకోండి. గాలిమర సామర్థ్యం దాన్ని దాటితే ముందు లోడ్ పెంపుకు పెట్టుకోవాలి. ఇవన్నీ ఒక పూటలో సర్దుకునే పనులే. అసలు శ్రద్ధ పెట్టాల్సింది గాలిమర నుంచి మీటరు దాకా ఏది దేనికి కలుస్తుందో ఒకే గీతలో చూపే సింగిల్ లైన్ డయాగ్రమ్ మీద, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ఇచ్చే వైరింగ్ రిపోర్టు మీద.

ఎందుకో చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వరసగా పడిపోయాయి. అలాంటి రోజుల్లో బయటి జిల్లాల లైన్‌మన్లు వచ్చి స్తంభాలెక్కుతారు. ఏ ఇంట్లో గాలిమర ఉందో వాళ్లకు తెలియదు. లైను ఆపేశారు కదా అని వైరు పట్టుకుంటారు. మీ ఇన్వర్టరు నుంచి 230 వోల్టులు వెనక్కి పోతే, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులుగా పెంచి 11 కేవీ లైనులోకి తోస్తుంది. ఒక మనిషి ప్రాణం మీ బోర్డులోని ఒక స్విచ్ మీద ఆధారపడి ఉంటుంది.

అందుకే లైనులో సరఫరా పోయిన 2 సెకన్లలోపు ఇన్వర్టరు లైనుకు కరెంటు ఇవ్వడం ఆపేయాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2013 నిబంధనలు చెబుతున్నాయి. దీనికి తోడు, తాళం వేసే వీలున్న ఐసోలేటరు (మీ గాలిమరను లైను నుంచి పూర్తిగా విడదీసే స్విచ్) ఒకటి లైన్‌మన్‌కు అందే చోట ఉండాలి. డయాగ్రమ్‌లో అది ఎక్కడుందో గుర్తు పెట్టి చూపించండి. బ్యాటరీ పద్ధతి వాళ్లకైతే ఇంటిని ఒకసారికి లైనుకో, ఇన్వర్టరుకో మాత్రమే కలిపే, మధ్యలో ఆఫ్ ఉన్న చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. సింగిల్ ఫేజ్ ఇంటికి ఫేజుతో పాటు న్యూట్రల్‌నూ మార్చే రెండు పోళ్లది కావాలి. ఫేజు ఒక్కటే మార్చేది తక్కువకు దొరుకుతుంది, వద్దు.

వైరింగ్ విషయానికొస్తే, సోలార్ పనులు చేసిన ఎలక్ట్రీషియన్లు కూడా పొరపడే చోటు ఒకటుంది. బ్యాటరీ నిండగానే సోలార్ కంట్రోలరు ప్యానెల్‌ను విడదీస్తుంది, దానికేమీ కాదు. గాలిమరను అలా విడదీస్తే లోడ్ లేక రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయి, వోల్టేజి పెరిగిపోతుంది. దీనికి గాలిమర కంట్రోలరే వాడాలి, మిగులు కరెంటును వేడిగా ఖర్చు చేసే డంప్ లోడ్ ఉండాలి. గాలిమర నుంచి వచ్చే మూడు ఫేజులనూ కలిపి రెక్కలను నెమ్మదింపజేసే బ్రేక్ స్విచ్ కూడా ఉండాలి. తుఫాను హెచ్చరిక రాగానే వేయాల్సింది అదే, గాలి ముదిరాక వేస్తే ఆగకపోవచ్చు. బ్యాటరీ ఉండే డీసీ వైపు డీసీకి చేసిన ఎంసీబీలే (లోపం వస్తే తమంతట పడిపోయే స్విచ్‌లు) పెట్టించండి, ఏసీవి డీసీలో స్విచ్ తెరుచుకున్నప్పుడు వచ్చే నిప్పురవ్వను ఆర్పలేవు. 24 వోల్టుల దగ్గర 1 కిలోవాట్ అంటే దాదాపు 42 ఆంపియర్లు. సన్నని కేబుల్ వేస్తే కాలిపోతుంది.

ఎర్తింగ్ దగ్గర మన తీరం ఇసుక ఇబ్బంది పెడుతుంది. వానల్లో కొలిస్తే రీడింగు బాగానే వస్తుంది, మే నెలలో అదే గొయ్యి ఎండిపోయి పనికిరాకుండా పోతుంది. వీలైతే ఎండాకాలంలోనే కొలిపించి, ఓమ్‌ల అంకె రిపోర్టులో రాయించండి. స్తంభం, ఇన్వర్టరు బాడీ, సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా పెరిగే వోల్టేజి నుంచి కాపాడేది) అన్నిటి ఎర్త్‌లూ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపడతాయి కాబట్టి ఏటా విప్పి శుభ్రం చేయించాలి. గాలిమర స్తంభం పడిపోయినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో, అంటే కనీసం దాని ఎత్తు కంటే ఎక్కువ దూరంలో పాతించండి.

లైనుకు కలిపేవాళ్లు అనుమతి వచ్చాక, కరెంటు ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చేముందు ఒకసారి పరీక్షించుకోండి, కానీ కాంట్రాక్టరు పక్కనుండగానే. గాలిమర తిరుగుతుండగా మెయిన్ ఆపి, మెయిన్ స్విచ్‌కు ఇంటివైపు టెర్మినళ్ల దగ్గర వోల్టేజి సున్నా అయిందో లేదో ఆయన చేత మీటరుతో చూపించుకోండి. మెయిన్ మళ్లీ వేశాక ఇన్వర్టరు కనీసం 60 సెకన్లు ఆగి కలవాలి. వెంటనే కలిసిపోతే సెట్టింగు తప్పు, సరిచేయించాకే తనిఖీకి పిలవండి. అంతా సరిగా ఉంటే సీలు వేసి రెండువైపులా లెక్కించే మీటరు బిగిస్తారు.

అర్జీ ఇచ్చినప్పుడు ఇన్‌వర్డ్ నంబరు, తేదీతో రసీదు అడిగి తీసుకోండి. కదలిక లేకపోతే ఆ నంబరుతో కరెంటు ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు ఫిర్యాదు చేయండి. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు, అక్కడ మొదట అడిగేది ఆ రసీదే.