స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే గుండెను కూడా చూపించుకోండి

కడుపునొప్పని కర్నూలులోనో కడపలోనో స్కాన్ తీయించుకుంటే రిపోర్టు అడుగున ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాసి ఉంటుంది. చాలామంది ఓ లివర్ టానిక్ కొనుక్కుని ఊరుకుంటారు. కానీ ఈ జబ్బున్నవాళ్లు ఎక్కువగా పోయేది కాలేయం చెడి కాదు, గుండె, రక్తనాళాల జబ్బులతోనే. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. ఇటు చక్కెరను, అటు ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, చెడ్డది చిన్న చిన్న రేణువులై నాళాల గోడల్లోకి దూరుతుంది.

మొదట టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక నడుము చుట్టుకొలత కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, అది బొజ్జ కిందికి జారి ఉంటుంది. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్లు 150 చేరినా, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కన్నా తగ్గినా డాక్టరుకు చెప్పాల్సిందే.

తర్వాత ఫిబ్-4 లెక్క, కాలేయం ఎంత గట్టిపడి మచ్చలు పడిందో అంచనా వేసేది. దీనికి ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయపు రక్తపరీక్షల అంకెలు కావాలి. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, దాంతో భాగించండి. 48 ఏళ్లు, ఎస్‌జీఓటీ 45, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు అనుకుందాం: 2160ని 1440తో (180 × 8) భాగిస్తే 1.5. తప్పు జరిగేది ప్లేట్‌లెట్ల దగ్గరే. 1.8 లక్షలంటే 180 అని వేయాలి. డెంగీ జ్వరంలో తీసిన రక్తంతో లెక్కేస్తే లేనిపోని భయం, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి కదా. 1.3 దాటితే (65 ఏళ్లు పైబడితే 2) కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించాలి. 35 ఏళ్లలోపు వాళ్లకు ఈ లెక్క సరిగా పనిచేయదు.

ఎస్‌జీపీటీ కాస్త పెరిగిందని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర సొంతంగా మానేయడం పెద్ద పొరపాటు. మామూలు ఫ్యాటీ లివర్‌లో ఆ మాత్ర వేసుకోవచ్చు, కాపాడేది గుండెనే. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు, అది డాక్టరు తేల్చాలి.

తిండిలో రాగి సంగటిని మందులా చూడకండి. రెండు ముద్దలు లాగిస్తే అదీ పిండిపదార్థమే, పైగా అందులో బియ్యం ఉంటుంది. ఒక ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు పెట్టుకోండి. ఉగ్గానితో పెద్ద చిక్కు లేదు, పక్కనుండే మిరపకాయ బజ్జీల నూనెతోనే చిక్కు. చెనిక్కాయలు గుప్పెడు చాలు, వేయించకుండా ఉడకబెట్టినవి మేలు. తీపి కూల్‌డ్రింకులు, మద్యం, బీడీ సిగరెట్లు పూర్తిగా మానాలి.

80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. కాలేయం వాపు తగ్గాలంటే 6 నుంచి 8 కిలోలు తగ్గాలి. వారానికి కిలో మించొద్దు, పస్తులుంటే కాలేయం ఇంకా దెబ్బతింటుంది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. అనంతపురం ఎండల్లో అది తెల్లవారకముందే అవ్వాలి.

కొలెస్ట్రాల్ మూడు నెలలకు మళ్లీ చూపించుకోండి. ఫిబ్-4 బాగానే ఉన్నా, షుగరున్నవాళ్లు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ లెక్కేయించుకోవాలి.