ముగ్గుతో ఊరి పేదరికం పటం వేయించడం

ఏడాది ఆదాయం ఎంతని సర్వే ఫారంలో అడిగితే కూలి మనిషి ఆ క్షణానికి తోచిన అంకె చెబుతారు. అదే నేల మీద ముగ్గేసి చూపించమంటే ఏ నెల గడవడం కష్టమో తనంతట తానే బయటపెడతారు. బ్రిటన్ గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ 1989-91లో హైదరాబాద్‌లో ఉండి పనిచేసిన పీఆర్ఏ (ఊరివాళ్లతోనే ఊరి స్థితిని అంచనా వేయించే) పద్ధతికి ప్రాణం ఇదే: గీసేది ఊరివాళ్లు, అడిగేది మనం.

ముందు చోటు తేల్చుకోండి. గుడి ముందు పెడితే ఎస్సీ కాలనీ ఆడవాళ్లు అంచునే నిలబడిపోతారు. వాళ్ల వాడలోనే 15 అడుగుల చదరంగా నేల అలికించండి. నాట్లు, కోతల రోజులు వద్దు. 100 గడపలకు 3 కిలోల ముగ్గుపిండి, ఇటుకపొడి, పసుపు, బొగ్గుపొడి, కాస్త వేపాకు చాలు.

రోడ్డు, నీళ్ల ట్యాంకు ముందు గీయమనండి. దిక్కులు కుదిరాక ఇళ్లు వాటంతటవే పడతాయి. ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో రంగుపొడులతో వాళ్లనే గుర్తు పెట్టమనండి. ముగ్గు డబ్బా వాళ్ల చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరగండి. గీత వంకరపోయినా దిద్దొద్దు. తాళం వేసిన ఇళ్ల గురించి తప్పక అడగండి. వలస పోయినవాళ్లు, అన్నదమ్ముల వసారాలో తలదాచుకునే ఒంటరి ఆడవాళ్లు పటంలోంచి జారిపోయేది అక్కడే.

తర్వాత గింజల పట్టిక. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా 12 గళ్లు. కూలి, తిండి, అప్పు, వలస అని నాలుగు వరుసలు. తెలుగు నెలలు రాని కుర్రాళ్లకు ఉగాది, చవితి, సంక్రాంతి గుర్తు చెప్పండి. గడికి 5 చింతగింజలు మించకూడదు, కాబట్టి 240 ఉంటే సరిపోతాయి. ఆషాఢంలో కూలికి 4 గింజలు పెట్టి తిండికి ఒక్కటే పెట్టారనుకోండి, అక్కడ ఆగి అడగాలి: "పని ఉన్న నెలలో తిండెందుకు తగ్గిందమ్మా?" ముందే వాడుకున్న అప్పుకు ఆ కూలంతా జమైపోతోందన్న సంగతి ఆ ఒక్క గింజ దగ్గరే తేలుతుంది.

మగవాళ్లతో ఇదే పట్టిక విడిగా వేయించండి. రెండూ కలవకపోతే కంగారొద్దు, కలవని గళ్లలోనే అసలు విషయం ఉంటుంది.

పింఛనో ఇల్లో వస్తుందన్న ఆశ పుట్టిందా, అందరిళ్లూ నిరుపేద ఇళ్లే అయిపోతాయి. ఇది ఏ లిస్టు కోసమూ కాదని మొదట్లోనే చెప్పండి, మధ్యలో మళ్లీ చెప్పండి. ఇళ్లకు పేర్లు రాయకుండా నంబర్లు వేయండి.

గాలి లేవకముందే ఫొటో తీసి, పటాన్ని చార్టు మీదికి ఎక్కించండి. ఆ చార్టు వాడలోనే ఉంచి, నకలు మీరు తీసుకెళ్లండి.