నడుం పట్టేసిందా? చాప పరుచుకోండి

మా నాన్న 75 కిలోల ధాన్యం బస్తా వీపున వేసుకుని ట్రాక్టరు ఎక్కించిన మనిషి. నేనేమో రెండేళ్ళ కిందట దాళ్వా కోతలప్పుడు, వాకిట్లో పడున్న ఖాళీ చెంబు తీద్దామని వంగి, అలాగే ఉండిపోయాను. సాయంత్రానికల్లా వీధిలో సగం మంది వైద్యులైపోయారు. ఒకరు ఆముదం రాయమన్నారు, ఒకరు ఉప్పు మూటతో కాపడం పెట్టమన్నారు, పక్కింటి మామ్మగారైతే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద ఓ తాపు తన్నించుకోమన్నారు (మా పేటలో అలాంటివాడు ఒకడున్నాడు, వాడికి భలే డిమాండు). కాపడం మంచిదే, బిగుసుకున్న కండరం కాస్త సడలుతుంది. తాపు మాత్రం వద్దండి.

నేను చేసిన అసలు తప్పు పది రోజులు మంచం దిగకపోవడం. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండటం వేరు, పూర్తిగా పడుకోవడం వేరు. కదలకపోతే నడుముని పట్టి ఉంచే కండరాలు ఇంకా నీరసపడతాయి. అందుకే ఓర్చుకోగలిగినంత మేర ఇంట్లోనైనా పూటకి నాలుగైదు సార్లు, పది నిమిషాల చొప్పున నడవండి. బెల్టు కూడా కొన్నాను, ఇప్పుడు అటక మీదుంది. దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టులూ ట్రాక్షనూ (అంటే నడుముని లాగి సాగదీయడం) మామూలుగా వాడొద్దని, వ్యాయామం చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది, ఆ సంగతి నాకు డబ్బులు పోయాక తెలిసింది.

వ్యాయామానికి చాప పరిచే ముందు ఒక్క మాట. కాలు తిమ్మిరెక్కి పాదం పైకి లేవకపోయినా, మూత్రం విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో కలిసి నొప్పి వచ్చినా, కింద పడ్డాక మొదలైనా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టరు, తర్వాతే ఇవన్నీ.

ఇంకోటి, పొద్దున్న లేవగానే మొదలెట్టకండి. రాత్రంతా పడుకుని ఉంటే వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉంటాయి, అప్పుడు ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచాక ఓ గంట ఆగండి. మోకాళ్ళు మడవకుండా కాలి వేళ్ళు అందుకోవడం లాంటివి నొప్పున్నవాళ్ళకి ఏ పూటా అక్కర్లేదు.

మొదట బోర్లా పడుకోండి, రెండు నిమిషాలు, ఏమీ చేయకుండా. హాయిగా ఉంటే మోచేతుల మీద ఛాతీ ఎత్తి ఇంకో రెండు నిమిషాలు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: కాల్లోకి లాగే నొప్పి నడుం వైపు వెనక్కి వస్తుంటే మంచి గుర్తు, పిక్క వైపు ఇంకా కిందికి దిగుతుంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

తర్వాతి మూడూ కెనడాలో వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధన చేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చినవి. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండు అరచేతులూ నడుం కింద పెట్టి, తలా భుజాలూ నేల నుంచి కొంచెం ఎత్తి పది లెక్కపెట్టేదాకా ఆపండి. పూర్తిగా లేచి కూర్చోవడం కాదు సుమా, తల కింద ఓ పుస్తకం పట్టేంత ఎత్తు చాలు. రెండోది, పక్కకి తిరిగి మోచేయి, మోకాళ్ళ మీద బరువు వేసి తుంటి పైకెత్తడం, రెండు వైపులా.

మూడోది నాకు బాగా పనిచేసింది. పసిపిల్లలు పాకేటప్పుడు ఉన్నట్టు చేతులూ మోకాళ్ళ మీద ఉండి, కుడిచేయి ముందుకీ ఎడమకాలు వెనక్కీ నిటారుగా చాపి పది లెక్కపెట్టి, మార్చాలి. చూడ్డానికి తేలికే. నడుం ఒరగకుండా చేస్తున్నామో లేదో తెలియాలంటే వీపు మీద వెడల్పాటి గిన్నెలో కాసిన్ని నీళ్ళు పోసి పెట్టించుకోండి. మొదటి వారం నా చొక్కా తడవని రోజు లేదు. మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్ళీ ఆగి రెండు. ఊపిరి బిగపట్టొద్దు. పై రెండింటికీ ఇదే లెక్క.

చివర్లో వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు బిగించి పైకెత్తడం పదిసార్లు, అంతే. అన్నీ కలిపి పావుగంట. రోజూ చేస్తే నాకు ఆరు వారాలకి తేడా తెలిసింది.

ఇవన్నీ చేసి, మళ్ళీ పాత పద్ధతిలోనే వంగితే ఏం లాభం? చీపురు కర్ర ఒకటి వెన్నుకి ఆనించి పట్టుకోండి. తల వెనక, వీపు, ముడ్డిపూస, మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. అలాగే మోకాళ్ళు కొంచెం మడిచి, పిరుదులు వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వంగండి. కర్ర ఎక్కడ వదిలిందో అక్కడ మీ నడుం వంగిపోయినట్టు. గ్యాస్ బండైనా, కొబ్బరికాయల గోనె అయినా ఇలాగే వంగి, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి, ఎత్తుతూ పక్కకి తిరక్కూడదు.

నర్సాపురం వైపు లేసు అల్లేవాళ్ళు అరగంటకోసారి లేచి అరుగు దిగి ఎక్కితే చాలు. ఊడ్పుల్లో ఉన్నవాళ్ళకి కర్ర పాఠం కుదరదు, రోజంతా వంగే పని కదా. గట్టు చేరినప్పుడల్లా నిలబడి, రెండు చేతులూ నడుముకి ఆనించి ఐదుసార్లు వెనక్కి వాలండి. పట్టుమని అర నిమిషం పట్టదు, మేస్త్రి కేకలేస్తే వెయ్యనివ్వండి.